పోయినయ్ కాదు, తప్పాను

మా ఇంట్లో కొన్ని మాటలు చెల్లవు. ‘గ్లాసు పగిలింది’ అంటే నేను ఊరుకోను. గ్లాసు తనంతట తాను పగలదు. ‘పగలగొట్టాను’ అనాలి. ‘తాళంచెవి పోయింది’ అనకూడదు, ‘పోగొట్టాను’ అనాలి. మాచర్లలో మాది తాళ్ళు, గోతాలు, మిరపకాయలు ఆరబోసుకునే పట్టాలు అమ్మే కొట్టు. మా ఆయన పోయాక చాలా ఏళ్ళు గల్లాపెట్టె దగ్గర నేనే కూర్చున్నాను. మనిషి పోవడం ఒక్కటే మా ఇంట్లో చెల్లే పోవడం. కొట్లో సరుకు పోయిందని చెప్పేవాడు మర్నాడు కూడా అదే మాట పట్టుకొస్తాడు. నేను పోగొట్టానని ఒప్పుకున్నవాడు మర్నాటి నుంచి కళ్ళు తెరుచుకుని ఉంటాడు. ఇంతకు మించి నాకు వ్యాకరణం తెలియదు. నేను బడికి వెళ్ళింది మూడో తరగతి దాకానే. ఆ తర్వాత తమ్ముళ్ళను ఎత్తుకోవడానికి మనిషి కావాలని ఇంట్లో ఉంచేశారు.

ఈ రాసేది నా గురించి కాదు, నా మనవరాలి గురించి. నా కొడుక్కి అది ఒక్కతే కూతురు. ఎదుట పడితే నేను దాన్ని మెచ్చుకోను. మెచ్చుకుంటే పిల్లలు చెడతారని నా నమ్మకం. కాగితం మీదైతే ఫరవాలేదు.

ఇంటరులో మార్కులు బాగానే తెచ్చుకుంది. కంప్యూటర్లు చదివితే ఉద్యోగం వెతుక్కుంటూ వస్తుందని అందరూ అంటే, మా వాడు తీసుకెళ్ళి దూరాన ఒక ప్రైవేటు యూనివర్సిటీలో ఇంజనీరింగుకి చేర్పించాడు. ఏడాది గడిచింది. సెలవులకు వచ్చినప్పుడు చదువెలా ఉందని అడిగితే ‘ఉంది’ అనేది. ఉంది అంటే ఎలా ఉందో చెప్పినట్టు కాదని నాకు తెలుసు. కానీ పిల్ల చిక్కలేదు, నల్లబడలేదు, సరేలే అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం కొడుకు భోజనానికి లోపలికి వెళ్ళాడు. కొట్లో నేనొక్కదాన్నే ఉండగా ఫోను మోగింది.

“నాయనమ్మా, నాన్న ఉన్నాడా?”

“అన్నం తింటన్నాడు. నాకు చెప్పు.”

“రిజల్ట్స్ వచ్చినయ్. ఐదు సబ్జెక్టులు పోయినయ్.”

“యాడికి పోయినయ్యే?”

“అంటే... బ్యాక్‌లాగ్స్ నాయనమ్మా.”

“ఆ ఇంగ్లీషు నాకు చెప్పమాక. పోవటానికి వాటికేమన్నా కాళ్ళున్నయ్యా? ఎవరు పంపిస్తే పోయినయ్?”

ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడిస్తే ఫోను పెట్టేద్దామని కూడా అనుకున్నాను. అది ఏడవలేదు.

“తప్పాను నాయనమ్మా. ఐదిట్లో తప్పాను.”

“తప్పావా!” అని నేను ఎంత గట్టిగా అన్నానో ఏమో, పక్క కొట్లో గాజులమ్మే ఆమె చేతిలో పెట్టె అక్కడే వదిలేసి పరిగెత్తుకొచ్చింది. వాళ్ళు సాయిబులు, మా రెండు కొట్లకూ మధ్య ఒకటే గోడ. నన్ను పెద్దమ్మా అంటుంది.

“ఏంది పెద్దమ్మా, తప్పిందా? మన పిల్లేనా? ఇంకా పెళ్ళి కూడా కాలా గందా!”

“నోర్ముయ్యవే! తప్పింది నెల కాదు, లెక్కలు!”

“లెక్కలా? హమ్మయ్య. లెక్కలైతే మా ఇంట్లో అందరం తప్పినోళ్ళమే,” అని గుండె మీద చెయ్యి వేసుకుని నవ్వుకుంటూ వెళ్ళింది. ఫోనులో మా పిల్ల కూడా నవ్వడం నాకు వినబడింది. ఆ నవ్వుకి నాకు కోపం వచ్చింది గానీ, మెడ పట్టుకున్న చెయ్యేదో దానికి కాస్త వదులైనట్టు కూడా అనిపించింది.

పిల్ల హాస్టల్లో పెట్టె సర్దుకుని ఇంటికొచ్చింది. మా వాడు రెండ్రోజులు దానితో మాట్లాడలేదు. మూడో రోజు అరుగు మీద కూర్చుని, దాన్ని చూడకుండా వీధిని చూస్తూ అన్నాడు.

“ఇంక చాలు. కొట్లో కూర్చో. మీ నాయనమ్మ మూడో తరగతి చదివి ఇంత కొట్టు నడపలా?”

“నన్ను అడ్డం పెట్టుకోమాకురా,” అన్నాను. “నాకు చదువు చెప్పించేవాళ్ళుంటే ఈ గోతాల దుమ్ములో ఎందుకు కూర్చుంటా?”

“నాన్నా, నేను మారతా,” అంది పిల్ల. “వేరే యూనివర్సిటీకి. అక్కడ జియాలజీ చదువుతా.”

“అదేందే?” అన్నాను నేను.

“రాళ్ళ గురించి నాయనమ్మా. భూమిలో రాళ్ళు ఎట్టా పుట్టినయ్, ఏది ముందు పుట్టింది, ఏది వెనక పుట్టింది...”

“రాళ్ళ చదువా! పల్నాడులో పుట్టి రాళ్ళ కోసం యూనివర్సిటీకి పోవాలా? గడప దాటితే రాయేగా. అరుగు రాయి, దొడ్డి చుట్టూ పాతింది రాయి, పొలానికి పోయే బాటంతా రాయి.”

“అందుకే నాయనమ్మా.”

మా వాడికి నవ్వాలో తిట్టాలో తెలియలేదు. చివరికి ఒక మాట తేల్చాడు. ఈ ఒక్కసారి ప్రయత్నం చేసుకోవచ్చు. వాళ్ళు కాదంటే ఇంట్లో ఇంకెప్పుడూ చదువు మాట ఎత్తకూడదు. పిల్ల ‘సరే’ అంది. సరే అన్నది గానీ దాని బొటనవేలు నేల మీద నాపరాయి అంచుని గీరుతూనే ఉంది. ఆ సరే ఎంత బరువో అప్పుడు తెలిసింది.

కొత్త యూనివర్సిటీ వాళ్ళు ఇంకో చోట ఏడాది చదివిన పిల్లల్ని ఇంటర్వ్యూ చేసి, మంచి మార్కులుంటే నేరుగా రెండో ఏడాదిలో కూర్చోబెడతారట. మార్కులు లేనివాళ్ళని ఏం చేస్తారో ఎవరికీ తెలియదు. ఆ ఇంటర్వ్యూకి పాత చోటి నుంచి టీసీ తేవాలి, మైగ్రేషన్ సర్టిఫికెట్ తేవాలి.

“ఆ రెండోదేంది?”

“మైగ్రేషన్ అంటే వలస నాయనమ్మా. ఒక యూనివర్సిటీ వదిలి ఇంకోదానికి పోతన్నానని ఇచ్చే కాగితం.”

“వలసకి కాగితమా! బొల్లాపల్లి వైపు నుంచి ఏటా మిరపకోతలకి జనం వలసొస్తన్నారు. వాళ్ళనెవడన్నా కాగితం అడిగాడా?”

“వాళ్ళకి పని తెలుసు నాయనమ్మా, అందుకే అడగరు. నన్ను అడుగుతారు.”

ఆ కాగితాల కోసం ఒక్కతే వెళ్ళింది. తోడు వస్తానని వాళ్ళమ్మ అంటే వద్దంది. చేరేటప్పుడు ఇంటిల్లిపాదీ వచ్చి దించారు, వదిలేసేటప్పుడు నేనొక్కదాన్నే పోతాను అంది. అక్కడ దానితో కలిసి చదివిన పిల్లలు రెండో ఏడాది పుస్తకాలు పట్టుకుని తిరుగుతున్నారు. వాళ్ళ మధ్య నుంచి ఆఫీసులో ఈ కిటికీ నుంచి ఆ కిటికీకి తిరిగి, ఎందుకు మానేస్తున్నావని అడిగిన ప్రతి గుమాస్తాకీ జవాబు చెప్పి, రెండు కాగితాలూ తెచ్చుకుంది. తెచ్చాక ఆ సాయంత్రం ఎవరితోనూ మాట్లాడకుండా దొడ్లో అంట్లన్నీ తోమేసింది. బూడిద వేసి, మసి పట్టిన అడుగుల్ని కూడా వదలకుండా తోమింది.

తర్వాత వచ్చిన మనిషి మా వాడికి తెలిసినాయన. పిల్లల్ని ఆ కాలేజీలో ఈ కాలేజీలో చేర్పించడమే ఆయన వ్యాపారం. మా వాణ్ణి బావా అంటాడు. మార్కుల కాగితం ఫ్యాను గాలికి ఎగరకుండా మోచేత్తో అదిమిపెట్టి చూశాడు.

“ఇది చూస్తే మొదటి పేజీలోనే మూసేస్తారు బావా. ఒక పని చేద్దాం. పిల్లకి కామెర్లొచ్చినయ్, చానాళ్ళు మంచాన పడింది అని డాక్టరు చేత రాయిద్దాం. అందరూ చేసేదే.”

మా వాడు తల ఊపాడు. కోడలు నా వైపు చూసింది. ఇది పిల్ల తేల్చుకోవలసిన సంగతి. ఏమంటుందో చూద్దామని వక్క కత్తిరించుకుంటూ కూర్చున్నాను.

పిల్ల కాఫీ తెచ్చి ఆయన చేతికిచ్చింది. “మావయ్యా, నాకు కామెర్లు రాలా. నేను మెస్సులో మూడు పూటలా తిని ఒళ్ళు కూడా చేశాను.”

“నిజం చెబితే సీటిస్తారా తల్లీ?”

“ఇయ్యకపోవచ్చు.”

“మరి?”

“కామెర్లొచ్చిన పిల్లకి సీటిస్తే అది ఆ పిల్లదయిద్ది మావయ్యా. అక్కడికి పోయి నేనేం చెయ్యాలి? మూడేళ్ళు పథ్యం తింటా కూర్చోవాలా?”

ఆయన కాఫీలో చక్కెర తక్కువైందన్నాడు. మా ఇంట్లో చక్కెర ఎవరికైనా అంతే వేస్తాం.

ఆయన వెళ్ళాక మా వాడు రుసరుసలాడాడు. “చెప్పిరా నిజం. చెప్పి ఇంటికి రా. గోతాలు నీకోసం కాచుకోని ఉన్నయ్,” అని కొట్లోకి వెళ్ళిపోయాడు. ఇంటర్వ్యూకి రానన్నాడు. అలా నేను బయల్దేరాను. పెరుగన్నం క్యారేజీలో పెట్టుకుని, నీళ్ళు సీసాలో పట్టుకుని, పొద్దున్నే బస్సెక్కాం.

బస్సులో అది కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతోంది. ఏందే ఆ జపం అంటే, అక్కడ చెప్పాల్సింది ఇంగ్లీషులో కంఠతా పడుతున్నానంది.

“ముందు నాకు తెలుగులో చెప్పు.”

“కొన్ని అనివార్య కారణాల వల్ల నేను ఆశించిన ఫలితాలు రాలేదు...”

“ఏ కారణాలు? వాటి పేర్లేంది?”

“అట్టా అంటారు నాయనమ్మా.”

“ఎవరంటారు? ఆ కామెర్ల మనిషి కూడా ఇట్టాగే అన్నాడుగా. ఆయన కాగితం మీద రాయిద్దామన్నాడు, నువ్వు నోటితో అంటన్నావు.”

పిల్ల కిటికీ వైపు తిరిగింది. రెంటచింతల దాటింది, గురజాల వచ్చింది. కండక్టరు దిగేవాళ్ళని తొందర పెడుతుంటే, ఆ గోలలో, నా వైపు తిరక్కుండానే మొదలుపెట్టింది. చేరిన మొదటి నెలలోనే క్లాసులో చెప్పేది అర్థం కాలేదట. పక్కవాళ్ళకి అర్థమవుతోంది. అడిగితే నవ్వుతారని అడగలేదు. రెండో నెలలో అడగాలంటే మొదటి నెలది కూడా అడగాలి. అందుకని ఇంకా అడగలేదు. తర్వాత క్లాసుకి వెళ్ళడమే మానేసి గదిలో పడుకుని ఫోను చూసుకుంటూ ఉండిపోయింది.

“ఎవరూ నన్నేమీ అనలా నాయనమ్మా. ఎవరి తప్పూ లేదు. అదే చెప్పటానికి ఇంగ్లీషు దొరకట్లా.”

ఇంట్లో ఎవరికీ చెప్పని మాట అది. తిట్టడానికి నా దగ్గర మాటలు సిద్ధంగానే ఉన్నాయి. నేను తిట్టలేదు. పెద్దవాళ్ళు కూడా ఒక పని ఎందుకు చెడిందో ఇంత వరసగా చెప్పగా నేను వినలేదు. కొట్లో కూర్చుని నేను విన్న సాకులు అన్నీ ఇన్నీ కావు. వర్షం, ఎండ, లారీ, ఎలుకలు, ముహూర్తం. ‘అడగడానికి సిగ్గుపడ్డాను’ అని చెప్పిన మొగాడు ఒక్కడు లేడు.

నరసరావుపేటలో బస్సు మారి, యూనివర్సిటీకి చేరేసరికి ఎండ ముదిరింది. వరండాలో మాలాగే వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. పిల్లల చేతుల్లో ఫైళ్ళు, తల్లిదండ్రుల చేతుల్లో నీళ్ళ సీసాలు. ఒకాయన కొడుకు చెవిలో ఏదో చెబుతూనే ఉన్నాడు. వాడు బయటికి వచ్చాక కూడా, ఇంకా చెప్పాల్సింది మిగిలిపోయినట్టు, చెబుతూనే వెంట నడిచాడు.

మమ్మల్ని పిలిచారు. పెద్దవాళ్ళు కూడా రావచ్చంటే వెనక కుర్చీలో కూర్చున్నాను. బల్లకి అవతల ముగ్గురున్నారు. మధ్యలో కళ్ళద్దాల మేడం, ఆమెకి కుడి పక్క జుట్టు నెరిసిన రాళ్ళ ప్రొఫెసరు, ఎడమ పక్క కాగితాలు అందించే ఆయన. మొదట ఇంగ్లీషులోనే మాట్లాడారు. మేడం మార్కుల కాగితం తిప్పుతూ, తల ఎత్తి నన్ను చూసి, నాకోసమేనేమో, తెలుగులోకి దిగింది.

“ఏంటమ్మా, ఇన్ని సబ్జెక్టులు పోయాయి?”

“పోలేదు మేడం. నేనే తప్పాను.”

మేడం చేతిలో కాగితం ఆగింది. పరాయి చోట, అంత పెద్ద చదువులు చదివినామె మాట దిద్దుతోంది ఇది. మా ఇంటి పద్ధతి ఇక్కడిదాకా తేవాలా అనిపించింది.

“ఆరోగ్యం బాగాలేదా?” అంది మేడం. ఆ గొంతులో కసురు లేదు. ఊ అంటే చాలు, మిగతాది తానే అల్లుకునేట్టుంది.

“బాగానే ఉంది మేడం.”

“ఇంట్లో ఏమైనా ఇబ్బందులా?”

“ఏం లేవు మేడం. ఇంట్లోవాళ్ళు బాగానే చూసుకున్నారు. మొదట్లో అర్థం కాలేదు. అడగటానికి సిగ్గుపడ్డాను. తర్వాత క్లాసుకి వెళ్ళటం మానేశాను.”

ఎదుటివాళ్ళు రెండుసార్లు పట్టుకోమని చెయ్యి చాపారు. రెండుసార్లూ అది పట్టుకోలేదు. చున్నీ అంచుని వేలికి చుట్టి చుట్టి వేలు ఎర్రగా చేసుకుంది. కానీ చెప్పాల్సిన మాటలో ఒక్క అక్షరం తగ్గించలేదు.

ప్రొఫెసరు ముందుకు వంగాడు. “అక్కడ అర్థం కానప్పుడు అడగలేదు. ఇక్కడ అడుగుతావని ఏంటి నమ్మకం?”

“అది నాకు కూడా తెలీదు సార్. కానీ రాళ్ళ గురించి చిన్నప్పటి నుంచీ అడుగుతూనే ఉన్నాను. మా ఇంట్లో నేలంతా నాపరాళ్ళే. క్వారీలో చూస్తే పుస్తకంలో కాగితాల్లాగా పొరలు పొరలుగా వస్తాయి. అట్టా ఎవరు పేర్చారు అని అడిగేదాన్ని.”

“ఏమన్నారు ఇంట్లో?”

“దేవుడు పేర్చాడు, పోయి అన్నం తిను అన్నారు.”

ముగ్గురూ నవ్వారు. అలా అన్నది నేనే. పిల్ల నా వైపు చూడలేదు, నా పేరు చెప్పలేదు. నేను మాత్రం గోడకున్న గడియారం వైపు చూశాను.

మమ్మల్ని బయట కూర్చోమన్నారు. అంతసేపు పెరుగన్నం క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నామే గానీ మూత తియ్యబుద్ధి కాలేదు. “చెడగొట్టుకున్నానా నాయనమ్మా?” అంది. “నాకేం తెలుసే,” అన్నాను. కాదంటే తిరుగు బస్సులో దాని పక్కన ఎలా కూర్చోవాలో నాకు తెలియలేదు. చదువు మాట ఎత్తకూడదని ఒప్పుకున్న పిల్ల, ఒప్పుకున్నదంటే ఇక ఎత్తదు. అదే నా భయం.

మళ్ళీ పిలిచి మేడమే చెప్పింది. రెండో ఏడాదిలో చేర్చుకోవడం కుదరదు. చేరితే మొదటి ఏడాది నుంచే చేరాలి. పాత చోట ప్యాసైన ఇంగ్లీషు ఒక్కటి లెక్కలోకి తీసుకుంటారు. ఈసారి తప్పితే ఇంక ఇక్కడ చోటుండదు.

ఏడాది అంటే ఏడాది. అంత పెద్ద సరుకు ఉత్తపుణ్యానికి వదిలేయడం నాకు చేతకాలేదు. లేచి నిలబడ్డాను.

“అమ్మా, ఏడాదంతా ఎందుకు? ఇంత దూరం వచ్చాం. ఆరు నెలలకి తెంచండి.”

“నాయనమ్మా!”

“నువ్వుండవే. అమ్మా, మీ మాటా కాదు, మా మాటా కాదు. ఆర్నెల్లు.”

మేడం కళ్ళద్దాలు తీసి నవ్వు ఆపుకుంది. “ఇక్కడ బేరం లేదు పెద్దమ్మగారూ.”

ఎడమ పక్కాయన నేను కూర్చుంటే బాగుండునన్నట్టు కుర్చీ చూపించాడు. నేను కూర్చోకముందే పిల్ల జవాబు చెప్పేసింది.

“మొదటి ఏడాదే ఇవ్వండి మేడం. పై క్లాసులో కూర్చుంటే మళ్ళీ వెనకటివన్నీ తెలియకుండానే కూర్చోవాలి. నాకు మొదటి నుంచే కావాలి.”

ఇచ్చినదాన్ని తక్కువనకుండా, ఎక్కువ కోసం ఎగబడకుండా, తనకి ఎంత అవసరమో అంతే తీసుకుంది. కొట్లో ఇన్నేళ్ళు కూర్చున్న నాకు అంత తిన్నగా ఒప్పుకోవడం రాలేదు. పెద్దవాళ్ళ సంతకం కావాలంటే నేనే పెట్టాను. ఇంటిపేరుతో సహా పూర్తిగా రాశాను. పిల్ల వెనక నిలబడి ఉంది గానీ తొందర పెట్టలేదు. ఆ తర్వాతే ఇద్దరం చెట్టు కింద కూర్చుని అన్నం తిన్నాం.

మా వాడు ఏడాది పోయిందని నాలుగు రోజులు సణిగాడు. పోయింది అనొద్దని నేను నాలుగు రోజులూ తిట్టాను. తర్వాత హాస్టలుకి దుప్పట్లు, బకెట్టు తనే కొనుక్కొచ్చాడు.

ఇప్పుడు అది అక్కడే చదువుతోంది. క్లాసులో పిల్లలు దాన్ని అక్కా అంటారట. ముందు బల్ల మీద కూర్చుని అడుగుతూనే ఉంటుందట. ఒక రోజు అదే రాళ్ళ ప్రొఫెసరు “ఇంక నన్ను ఇంటికి పోనీ తల్లీ” అన్నాడని చెప్పి నవ్వింది. మొన్న వచ్చిన మార్కులు గొప్పవేం కావు, గట్టెక్కే మార్కులే. అన్నిట్లో ఎన్నెన్ని వచ్చాయో, ఎక్కడ తక్కువ పడ్డాయో, అడక్కుండానే వరసగా చెప్పింది.

పోయిన ఆదివారం ఇంటికొచ్చి కొట్లో కూర్చుంది. కాయలు ఆరబోసే రోజులు, పట్టాల కోసం జనం బాగా ఉన్నారు. శావల్యాపురం నుంచి ఏటా వచ్చే రైతు భార్య పట్టా అంచు నలిపి చూస్తూ అడిగింది.

“ఏం చదువుతున్నావమ్మాయ్?”

“ఫస్టియరు పిన్నీ.”

“నిరుడూ అదే చెప్పావుగా?”

“ఇది వేరే ఫస్టియరు పిన్నీ. ఇది నేను అడిగి తెచ్చుకున్నది.”

“అట్టాగా. అయితే సరే. ఇంతకంటే మందంది చూపించు.”

పిల్ల లేచి, పై అరలో ఉన్న పట్టాల చుట్ట భుజానికెత్తుకుని దించింది. నేను చిల్లర సర్దుకుంటూ తల వంచుకున్నాను. నా మొహం అది చూడకూడదు.